పసుపు గోలీ తెరుచుకోని ఏడాది

ఈమధ్య నేను బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుంటున్నాను. ఇందులో గొప్పేముందని మీకు అనిపించవచ్చు. పేగుల జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషి లేవాలంటే పక్కవాళ్లను లేపాలి, సంచులు జరపమనాలి, బస్సు ఆపమని కండక్టర్‌ను బతిమాలాలి. దాదాపు రెండేళ్లు తలుపు దగ్గరి సీటు దొరికితేనే బస్సెక్కాను. దొరక్కపోతే తరువాతి బస్సు కోసం నిలబడ్డాను.

నా జబ్బు గురించి రాయమని ఎవరూ అడగలేదు. ఇది అడిగేంత మర్యాద ఉన్న జబ్బు కాదు. గుండె నొప్పి అంటే నలుగురు వచ్చి పలకరిస్తారు. విరేచనాలు అంటే ముసిముసిగా నవ్వుతారు. అయినా రాస్తున్నాను. నేను చేసిన తప్పు మన దగ్గర ఇంకా చాలామంది చేస్తున్నారు. అదీకాక, ఇదంతా ఒకచోట వరుసగా పెడితే నాకు కాస్త నిమ్మళంగా ఉంటుందేమో చూడాలి.

1986, వానాకాలం

అప్పుడు నేను చెన్నూరులో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. మా ఆయన రాజేందర్‌కు అక్కడే వ్యవసాయ శాఖలో ఉద్యోగం. ఒక్కతే కూతురు, రెండో తరగతి.

ఆగస్టులో మొదలైంది. మొదట మామూలు విరేచనాలే అనుకున్నాను. నాలుగో రోజు రక్తం కనపడింది. ఆడవాళ్లం రక్తం చూసి తొందరగా బెదరం కదా, ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి రోజుకు పది పన్నెండు సార్లయింది. పొట్టలో ఎడమ పక్క తడిబట్టను పిండినట్టు మెలిపెట్టేది. ఆ మెలి మొదలైతే నా చేతిలో ఉండేది ఒక్క నిమిషమే.

మా బడిలో పాయఖానా లేదు. అప్పట్లో అది ఎవరికీ వింతగా కూడా ఉండేది కాదు. బోర్డు మీద సమీకరణం సగం రాసి, సుద్దముక్క చేతిలోనే పట్టుకొని బయటికి పరుగెత్తేదాన్ని. పిల్లలు మొదట్లో కిసుక్కున నవ్వేవారు. తరువాత వాళ్లే మిగతా సగం పూర్తిచేసి, నేను వచ్చేదాకా చప్పుడు చేయకుండా కూర్చోవడం నేర్చుకున్నారు. ఆ నవ్వే నయమనిపించింది. జాలి భరించడం నాకు మొదటినుంచీ రాదు.

బడి వెనకగోడకు ఆనుకొని జైనబ్ బీ ఇల్లు. వాళ్లది గాజుల వ్యాపారం. రెండుసార్లు నేను వాళ్ల తలుపు కొట్టి, తలదించుకొని పాయఖానాకు పోనివ్వమని అడిగాను. మూడోసారి ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది.

“టీచరమ్మా, ఇంకోపారి అడిగితె నాకు కోపమొస్తది. పీఛే దర్వాజా ఖుల్లా పెడ్త. సీదా వచ్చెయ్, సీదా పో. గీ బాధకు షరమ్ ఏంది?”

ఆ రోజు నుంచి ఆ వెనకతలుపుకు పగలు గడియపడలేదు. లోపల నిండు బకెట్టు, సబ్బు, ఆరేసిన తువాలు ఎప్పుడూ ఉండేవి. ఎన్నిసార్లు వస్తున్నావని ఆమె ఒక్కనాడూ అడగలేదు. మా చుట్టాల్లో ఆ ప్రశ్న అడగనివాళ్లు లేరు.

సంగతి తెలిసి మా బాపు పెట్టె పట్టుకొని వచ్చాడు. మా బాపు హుస్నాబాద్ దగ్గరి పల్లెలో ఆర్‌ఎంపీ డాక్టర్. అంతకుముందు సర్కారు దవాఖానాలో కాంపౌండర్‌గా పనిచేసి, ఊళ్లో సొంతంగా మందులివ్వడం మొదలుపెట్టాడు. ఊరంతా డాక్టర్ సాబ్ అనే పిలుస్తారు. నాకు పద్నాలుగేళ్లప్పుడు, 1969లో, మా ఊళ్లో గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలు, ఇంటికొకరు మంచాన పడ్డారు. పెద్ద డాక్టర్లెవరూ మా ఊరికి రాలేదు. బాపు ఒక్కడే ఇల్లిల్లూ తిరిగి సూదులేశాడు, గోలీలిచ్చాడు, ఉప్పు చక్కెర నీళ్లు తాగించాడు. ఆయన చేతిలో బతికినవాళ్లు ఇప్పటికీ మా ఊళ్లో తిరుగుతున్నారు. అలాంటి మనిషి గోలీలిస్తే కూతురుగా ఏమంటాను?

“ఫికర్ చెయ్యకు బిడ్డా. గిసొంటియి ఎన్ని సూడలే,” అన్నాడు. “కడుపుల పురుగు వడ్డది. అది సచ్చేదాక గోలీలు ఆపొద్దు.”

పథ్యం కూడా ఆయనే చెప్పాడు. తెల్లన్నం గంజి, బేకరీ రొట్టె. చల్ల బంద్. కూరగాయ బంద్. పప్పు బంద్. జొన్న గట్క పేరే ఎత్తొద్దు. నన్ను కన్న మా అవ్వ నా దగ్గరే నెల రోజులుండి, ఆ పథ్యం ఎక్కడా జారకుండా కాపలా కాసింది.

నన్ను నమ్మించిన సంగతి ఏమిటంటే, మొదటి పదిహేను రోజులు ఆ గోలీలు పనిచేశాయి. రక్తం తగ్గింది. బాపు పొంగిపోయాడు. నెల తిరగకుండా మళ్లీ మొదలైంది. ఈసారి వేరే రంగు గోలీలు పంపాడు. హుస్నాబాద్‌లో ఎవరో ఒకరు మా దిక్కుకు వచ్చేవాళ్లుంటే చాలు, వాళ్ల చేతికి పొట్లం ఇచ్చేవాడు. తగ్గడం, తిరగబెట్టడం, కొత్త పొట్లం. చలికాలమంతా ఇదే చక్రంలో తిరిగాను.

1987, ఎండాకాలం

మా ఆయన పట్టుబట్టి కరీంనగర్ తీసుకుపోయాడు. అక్కడొక ప్రైవేటు దవాఖానాకు నెలకొక ఆదివారం హైదరాబాద్ నుంచి పేగుల డాక్టర్ వచ్చేవాడు. చెన్నూరు నుంచి మంచిర్యాల ఒక బస్సు, అక్కణ్నుంచి కరీంనగర్ ఇంకో బస్సు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఖాళీ కడుపుతో పోతే మధ్యలో దిగే పని ఉండదని నా లెక్క. లెక్కల టీచరునైనా అది తప్పింది. రెండుసార్లు బస్సు ఆపించాం. రెండోసారి ఒక ముసలామె దిగి వచ్చి, తన చీర కొంగు చాపి నాకు అడ్డం నిలబడింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఆ దవాఖానాలో బెంచీలు మూడు. పాయఖానా పక్క బెంచీకి ఉన్న గిరాకీ ఫ్యాను కింది బెంచీకి లేదు. కొత్తగా వచ్చిన మనిషి ముఖం చూడగానే ఆ చివర కూర్చున్నవాళ్లు లేచి చోటిచ్చేవారు. ఎవరూ ఎవరినీ ఏం జబ్బని అడిగేవారు కాదు. అక్కడ కూర్చున్నంతసేపు నేను మామూలు మనిషిని.

నా ముందు ఒకతను లోపలికి పోయాడు. మాకూ డాక్టర్‌కూ మధ్య పచ్చటి తెర ఒక్కటే అడ్డం. లోపలి నుంచి డాక్టర్ అరుపు వినిపించింది. “ఆ ఆర్‌ఎంపీ గాళ్లు మీ ప్రాణాలు తీస్తున్నారు! చదువూ సంధ్యా లేని దొంగలు! వాళ్లిచ్చిన చెత్తంతా మింగి చివరికి నా దగ్గరికొస్తారు!”



నా వంతు వచ్చింది. గొట్టం పెట్టి పరీక్ష చేశాడు. ఆ పరీక్ష గురించి రాయను, దాన్ని దాటినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెద్దపేగు లోపలి గోడ వాచి, పుండ్లు పడి ఉందన్నాడు. ఇది అంటుకునేది కాదు, ఒక పట్టాన పోయేది కాదు, మందులతో అదుపులో ఉంటుంది అన్నాడు. పెద్ద పసుపుపచ్చ గోలీలు రాశాడు. కాగితం మీద కలం ఆపి అడిగాడు.

“ఇంకేమైనా మందులు వాడుతున్నారా?”

“లేదు సార్,” అన్నాను.

మా ఆయన నా దిక్కు చూశాడు. నేను గోడ దిక్కు చూశాను. ఆ తెర వెనక నుంచి విన్న మాట మా బాపు మీద పడటం నాకు ఇష్టం లేదు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

బాపుకు ఉత్తరం రాస్తే జవాబు వెంటనే వచ్చింది. ఆయన మందు ఆయన ఇయ్యనీ, మన మందు మనం ఆపొద్దు, రెండు కలిస్తే జల్ది పనిచేస్తయ్ అని. సరేననుకున్నాను. పొద్దున పసుపు గోలీలు, మధ్యాహ్నం బాపు గోలీలు, రాత్రి మళ్లీ రెండూ. ఇద్దరి మాటా నిలబెడుతున్నానని లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

1987 దసరా నుంచి 1988 సంక్రాంతి దాకా

జబ్బు పెరిగింది. డాక్టర్ వాపు తగ్గడానికి ఇంకో రకం మాత్రలు కలిపాడు. వాటితో నా ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది, పేగు మాత్రం అలాగే ఉంది. బడికి సెలవు పెట్టాను. మంచం నుంచి పాయఖానాకు పదహారు అడుగులు. ఆ పదహారు అడుగుల లోపలే నా బతుకు. వాకిట్లోకి రావాలన్నా భయమే. ఎవరైనా వస్తున్నారంటే వచ్చేవాళ్లు ఎంతసేపు కూర్చుంటారోనని ముందే చెమటలు పట్టేవి. మా పాప ఇంటికొచ్చినవాళ్లకు “అమ్మ తానం చేస్తుంది” అని చెప్పడం నేర్చుకుంది. రోజుకు ఎన్నిసార్లు తానం చేస్తుందమ్మా మీ అమ్మ అని ఎవరో అడిగితే, లోపల కూర్చొని విన్నాను. నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

పథ్యం కూడా జైలే అయింది. గంజి, రొట్టె, గంజి. అటు తిరిగినా ఇటు తిరిగినా అదే. పక్కింట్లో మిరపకాయ తాలింపు వాసన వస్తే ఆకలితో కడుపులో ఇంకోరకం మెలి.

మా ఇద్దరికీ గొడవలు మొదలైంది అప్పుడే. మా ఆయన ఒకరోజు బాపు పంపిన పొట్లం చేతిలో పట్టుకొని, “గీ గోలీలైనా బంద్ చేసి సూడు సరోజా. ఏదో ఒకటి ఎక్కువైతుంది,” అన్నాడు.

“మా బాపు నాకు విషం పెడ్తడా?” అన్నాను.

“విషమని ఎవలన్నరు? డాక్టర్‌కు చెప్పుమంటున్న. గంతే.”

“చెప్తె ఏమంటడో నువ్వు గుడ విన్నవు గదా.”

“విన్న. తిడ్తె తిట్టనీ. నీ పేగుకంటె ఎక్కువనా మీ బాపు ఇజ్జత్?”

ఆ మాటకు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన ఆ వారమంతా నా బట్టలు తనే ఉతికాడు, ఒక్క మాట అనకుండా.

1988, ఫిబ్రవరి

ఆ ఆదివారం డాక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకొని మెల్లగా మాట్లాడాడు. దానికి నాకు అరుపు కంటే ఎక్కువ భయమేసింది. మందులు పనిచేయడం లేదు, ఒంట్లో రక్తం తగ్గిపోతోంది, పెద్దపేగు తీసేయాల్సి వస్తుంది అన్నాడు. పొట్ట మీద రంధ్రం పెట్టి సంచి కడతారట. బతికినంతకాలం ఆ సంచితోనే. హైదరాబాద్‌లో పడక కోసం చీటీ రాయడం మొదలుపెట్టాడు.

నాకు ముప్పై మూడేళ్లు. చీర కట్టుకుంటే ఆ సంచి ఎక్కడ పడుతుందో ఆలోచిస్తున్నాను. బోర్డు మీద చెయ్యెత్తి రాస్తే పిల్లలకు కనపడుతుందా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది.

“సార్, ఈమె ఇంకో మందు గుడ వాడుతుంది. ఏడాదిన్నర సంది. నాయిన ఆర్‌ఎంపీ. ఆయన పంపుతడు.”

సంచిలోంచి ఆ పొట్లాలు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు చెప్పకుండా తెచ్చాడు. ఆ క్షణంలో ఆ మనిషిని చంపేయాలనిపించింది.

అరుస్తాడని తల దించుకున్నాను. డాక్టర్ ఒక్కో గోలీ పైకెత్తి చూశాడు. కలానికి మూత పెట్టాడు.

“మీ నాన్నగారా? అందుకనా దాచారు?”

తలూపాను.

“మొదటిసారి వచ్చినప్పుడు నేనెవరి మీదో అరుస్తుంటే విన్నారు. అవునా?”

మళ్లీ తలూపాను. ఆయన గోలీలను పక్కకు జరిపాడు. తరువాత, టీచరు కాబట్టి అర్థం చేసుకుంటారంటూ, చెప్పడం మొదలుపెట్టాడు. నాకు గుర్తున్నంతలో రాస్తాను.

ఆ పసుపు గోలీ రెండు మందులను కలిపి వేసిన ముడి. దాన్ని పొట్ట విప్పలేదు, చిన్నపేగు విప్పలేదు. పెద్దపేగులో కాపురముండే సూక్ష్మక్రిములే విప్పాలి. అవి విప్పితేనే వాపు తగ్గించే సగం బయటికొచ్చి గోడకు అందుతుంది. బాపు గోలీలు క్రిములను చంపేవి. వాటికి చెడ్డవి, మంచివి అని తేడా లేదు. ముడి విప్పేవాళ్లు లోపల లేకపోతే పసుపు గోలీ ఎలా లోపలికి పోయిందో చాలావరకు అలాగే బయటికి పోతుంది. దాదాపు ఏడాదిగా నేను చేసింది అదే, మింగడం, అలాగే బయటికి పోగొట్టుకోవడం.

“అంతేకాదు,” అన్నాడు. “మనకు అరగక మిగిలిన పీచును ఆ క్రిములు తిని, ఒక రకం పులుపు, అంటే ఆమ్లం, తయారుచేస్తాయి. పేగు గోడకు అదే అన్నం. అది అందుతుంటే గోడ గట్టిగా, నిమ్మళంగా ఉంటుంది. అందకపోతే లేనిపోని దానికి ఎర్రబడి మంటెక్కుతుందని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మీరేమో వాటికి ఒకవైపు మందు కొట్టారు, ఇంకోవైపు ఈ గంజి పథ్యంతో తిండి ఆపారు.”

పురుగు చచ్చేదాకా ఆపొద్దని బాపు చెప్పాడు. ఆపలేదు. అన్నీ చచ్చాయి, నన్ను కాపాడేవాటితో సహా.

హైదరాబాద్ చీటీ ఆయన చింపలేదు. సొరుగులో పెట్టాడు. “ఆరు వారాలు చూద్దాం. బాగుపడతారని మాట ఇవ్వలేను. ఈ గోలీలు మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్లండి.”

1988, ఎండాకాలం

ఆ ఆరు వారాలు రాయడానికేం లేదు. అదే మంచం, అవే పదహారు అడుగులు. రెండో వారం ఏ మార్పూ లేదు. మూడో వారం ఇంకా ఎక్కువైంది, మా ఆయన ముఖం చూడలేకపోయాను, ఆయన నా ముఖం చూడలేకపోయాడు. నాలుగో వారం ఒకరోజు సాయంత్రం దాకా పడుకొని, లేచాక గుర్తొచ్చింది, మధ్యాహ్నం నుంచి లేవలేదని. ఎవరికీ చెప్పలేదు, దిష్టి తగులుతుందని. లెక్కలు చెప్పేదాన్నే, అయినా చెప్పలేదు.

ఆరో వారం డాక్టర్ చీటీ చింపేశాడు. తరువాత చల్ల మొదలుపెట్టమన్నాడు, రెండు చెంచాలతో. నెలలు గడిచాక మెత్తగా ఉడికిన కూర, ఆ తరువాత జొన్న గట్క. జైనబ్ బీ సొరకాయ ఉడికించి పంపింది, మిరపకాయ లేకుండా. అంత చప్పటి కూర నా జన్మలో తినలేదు. గిన్నె నాకాను.

జబ్బు పూర్తిగా పోలేదు, పోదు కూడా. పసుపు గోలీలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. కానీ సంచి పడలేదు.

బాపుకు మాత్రం చెప్పలేదు. ఆయన పొట్లాలు పంపుతూనే ఉన్నాడు, నేను పారేస్తూనే ఉన్నాను. తగ్గిందని ఉత్తరం రాస్తే, “నేను చెప్పలేదా” అని జవాబు. రాయబోయి ఎన్నిసార్లు కాగితం మడిచేశానో. గత్తరలో ఊరిని నిలబెట్టిన మనిషికి, నీ చేతి మందే నన్ను కత్తి దాకా తీసుకుపోయిందని ఏ మాటల్లో చెప్పాలి? జబ్బులోంచి బయటపడి ఇందులో ఇరుక్కున్నాను.

1989, చలికాలం

రెండేళ్ల తరువాత పుట్టింటికి పోయాను. బాపు అరుగు మీద పేషెంట్లను చూస్తున్నాడు. నన్ను చూసి లేచి, అక్కడున్న అందరికీ చూపించాడు. “సూసిండ్లా, నా బిడ్డ. కరీంనగర్ డాక్టర్ పేగు కోస్తనన్నడు. నేను నయం చేసిన.”

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడు పొద్దున లచ్చవ్వ అనే ఆమె వచ్చింది. నాకంటే చిన్నది. బుగ్గలు లోపలికి పోయి, కళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. బాపు లోపల మొహం కడుక్కుంటున్నాడు. ఆమె నా పక్కనే అరుగు మీద కూలబడి గొంతు తగ్గించి అడిగింది.

“అక్కా, నీకు గుడ రక్తం పడేదట గదా? నాకు ఎనిమిది నెలలైతుంది. కరీంనగర్ పోదామని మా ఇంటాయన అంటడు. సరోజమ్మకు నయమైంది డాక్టర్ సాబ్ మందుతోనే గదా, మనం ఎందుకు పోవుడని నేనే పోతలేను. నీకు ఎన్ని నెలలకు తగ్గింది అక్కా?”

నా పేరు చెప్పుకొని మింగుతోంది. నేను ఇంకా నవ్వుతూ కూర్చుంటే ఈమె చచ్చిపోతుంది. అంత స్పష్టంగా నా జన్మలో ఏదీ కనపడలేదు. అప్పటికే బాపు తువాలుతో మెడ తుడుచుకుంటూ గడపలోకి వచ్చాడు.

“లచ్చవ్వా, నాకు బాపు గోలీలతోటి తగ్గలే,” అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. “బాపు గోలీలు బంద్ చేసినంక తగ్గింది.”

తువాలు ఆయన మెడ దగ్గరే ఆగింది. లచ్చవ్వ ఆయన వైపు చూసి, నా వైపు చూసి, లేవబోయి కూర్చుంది. నేను అంతా చెప్పాను. ముడి, క్రిములు, పీచు, పులుపు, డాక్టర్ చెప్పింది చెప్పినట్టు. చెబుతున్నంతసేపు బాపు గడప మీదే నిలబడ్డాడు. మధ్యలో ఒకే ఒక్క మాట అడిగాడు.

“గప్పుడే ఎందుకు చెప్పలే?”

“నీ ఇజ్జత్ పోతదని, బాపు.”

 అవ్వ లోపల గిన్నెలు సర్దడం ఆపేసింది.

బాపు తువాలు భుజాన వేసుకొని అరుగు మీదికి వచ్చి తన చోట కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకొని కాగితం తీసుకున్నాడు. లచ్చవ్వకు ఏ నెలలో ఏ గోలీలిచ్చాడో, రోజుకెన్ని, ఎన్ని రోజులు, ఒక్కొక్కటిగా ఆమెను అడిగి, తన దగ్గరున్న ఖాళీ డబ్బాల మీది పేర్లు చూసి రాశాడు. అక్షరాలు ఎప్పటికంటే పెద్దవిగా, విడివిడిగా ఉన్నాయి. డాక్టర్ ముందు నెలల తరబడి నా నోటి నుంచి రాని మాటలు ఆయన పావుగంటలో రాసేశాడు.

“ఎల్లుండే కరీంనగర్ డాక్టర్ వచ్చే ఆదివారం. గా డాక్టర్‌కు గిది సూపెట్టు. ఏం దాచకు,” అని లచ్చవ్వకు ఇవ్వబోయి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. కాగితాన్ని మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు. నా ముఖం చూడకుండా అడిగాడు.

“నేనిచ్చినయి ఎన్ని నెలలు మింగినవు బిడ్డా?”

“పద్దెనిమిది, బాపు.”

లచ్చవ్వ మందుల కింద నా పేరు రాశాడు, వయసు రాశాడు, పద్దెనిమిది నెలలు అని రాశాడు. దాని కింద సంతకం పెట్టి కాగితం ఆమె చేతికిచ్చాడు.